నిప్పు రంగు చూసే పని

జనవరి 4

కొత్త డైరీ. కొన్నది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు. గీతలు మరీ లేతగా అచ్చువేశారు. పోయినేటి డైరీలో నల్లగా, దిట్టంగా ఉండేవి. కాగితాల కంపెనీవాళ్ళు సిరా దగ్గర కూడా పిసినారితనం మొదలుపెట్టినట్టున్నారు. నేను రాసేది ఎవరూ చదవరు కాబట్టి అక్షరాలు గీత దాటితే దాటనీ.

బట్టీ నడుస్తోంది. పైన సున్నపురాయి, బొగ్గు పొరలు పొరలుగా నింపుతున్నారు, కింద కాలిన సున్నం దింపుతున్నారు. మధ్యలో నిప్పు, నిప్పు ముందు నేను. రాయడానికి ఇంకేమీ లేదు.

జనవరి 9

ఇవాళ దింపులో సగం మాడు రాయి.

మంచి రాయి సరిగ్గా కాలితే తేలికవుతుంది. చేతిలోకి తీసుకుంటే బెండులా ఉండాలి, నీళ్ళు చల్లగానే బుసబుసా పొంగి పొడైపోవాలి. ఇవాళ వచ్చిన గడ్డలు చిన్నగా, బరువుగా ఉన్నాయి. ఒకదానితో ఒకటి కొడితే ఇనుములా మోగుతున్నాయి. నీళ్ళు పోసి నిలబడ్డాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

నిన్న బట్టీ గోడకున్న మూడు కన్నాల్లోంచీ నేనే నిప్పు చూశాను. దానిమ్మ గింజ రంగు. అంటే వేడి చాలదు. బొగ్గు పెంచమన్నది కూడా అందుకే. చల్లటి నిప్పులో రాయి ఎలా మాడుతుంది? తప్పు రాయిదే. మట్టి కలిసిన రాయి తక్కువ వేడికే బిగుసుకుపోతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, ఈ పని తెలిసినవాళ్ళందరికీ తెలుసు.

రాయి పంపేది తూటా. క్వారీ ఫోర్‌మన్, మా ఆవిడ తమ్ముడు. కొండకి మందు పెట్టి పేల్చడం వాడి పని. మాట కూడా అలాగే పేలుతుంది కాబట్టి ఆ పేరు.

జనవరి 10

తూటా మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే వస్తాడు. వాడికి పెళ్ళీ లేదు, వంటా రాదు. ఇవాళ కంచం ముందు కూర్చోగానే రాయి సంగతి ఎత్తాను.

"బావా, అదే కొండ, అదే పొర. పోయిన నెల బాగున్న రాయి ఈ నెల చెడిపోయిందా? రాయేమన్నా పాలా, విరిగిపోడానికి?"

"పొరలో మట్టి తగిలి ఉంటుంది. చూసుకోవాలి."

"చూసుకోకుండా పేలుస్తానా?"

"నువ్వు ముందు పేల్చి తరవాత చూస్తావు. మాటల్లో కూడా అంతే."

మామూలుగా అయితే నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు. కంచంలోకి చూస్తూ, "నువ్వు కూడా కాస్త చూపించుకో బావా," అన్నాడు. మా ఆవిడ కూర వడ్డిస్తూ వాడి కాలు తొక్కినట్టుంది, ఉలిక్కిపడి మాట మింగేశాడు. అక్కాతమ్ముళ్ళ గొడవలు నాకెందుకు.

జనవరి 13

ఎందుకో ఇది రాసిపెట్టుకోవాలనిపించింది. నాకు పని నేర్పిన పెద్దమేస్త్రీ చెప్పిన రంగులు నాలుగు. దానిమ్మ గింజ అంటే వేడి చాలదు, రాయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. నారింజ తొన అంటే సరైన వేడి, దేన్నీ ముట్టుకోవద్దు. గుమ్మడి పువ్వు అంటే హద్దుకి వచ్చింది, గాలి తగ్గించు. వెన్న అంటే అయిపోయింది, రాయి మాడింది, యజమానికి ఏం చెప్పాలో ఆలోచించుకో.

నల్లద్దాలు పెట్టుకుంటే ఈ తేడాలు తెలియవు. ఒట్టి కళ్ళతోనే చూడాలి. గాలి కొట్టే బ్లోయర్ మోతలో మాట వినపడదు కాబట్టి పక్కవాడికి భుజం మీద తట్టి చెప్పాలి. ఒక తట్టు దానిమ్మ, రెండు నారింజ, మూడు గుమ్మడి. వెన్నకి తట్లు లేవు, పరుగే. తూటా క్వారీకి మారకముందు నా దగ్గరే పనిచేశాడు. వాడి భుజం నా తట్లకి కాయలు కాసి ఉంటుంది.

ఒకప్పుడు ఇక్కడ వేడి కొలిచే మీటరు బిగించారు. బట్టీలో అందరికన్నా ముందు మాడిపోయింది అదే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆకలి బాగా వేస్తుంది.

ఇవాళ కూడా మూడు కన్నాల్లోనూ దానిమ్మే. బొగ్గు ఇంకాస్త పెంచాను.

జనవరి 17

మా ఆవిడకి కొత్త పిచ్చి పట్టింది. పొద్దున్నే పేపరు బిగ్గరగా చదువుతోంది. ఇన్నేళ్ళలో పేపరు మొహం చూసిన మనిషి కాదు. ఇప్పుడు ధరలూ దొంగతనాలూ వాతావరణమూ గుక్క తిప్పుకోకుండా చదివేస్తోంది. "నేను చదువుకుంటాలేవే," అంటే, "నా గొంతు పట్టేసింది, కాస్త వదలాలి," అంటుంది. గొంతు పట్టేస్తే ఎవరైనా మాట్లాడటం మానేస్తారు.

మెట్ల అంచులకి సున్నంతో తెల్లగా గీతలు వేసింది. అందంగా ఉంటుందట. "సున్నం బట్టీ మనిషి ఇంట్లో ఆ మాత్రం సున్నం ఉండొద్దా ఏమండీ?" అంది. అదీ నిజమే.

జనవరి 20

గేటు దగ్గర ఎవరో తోపుడు బండి అడ్డంగా వదిలేశారు. మోకాలు చెక్కుకుపోయింది. బండి బొగ్గు నలుపు, నేల కూడా బొగ్గు నలుపు. బుద్ధున్నవాడెవడూ అక్కడ వదలడు. కాపలాదారుని కడిగేశాను. "అది ఎప్పుడూ అక్కడే ఉంటుందండీ," అన్నాడు. సమాధానాలు మాత్రం అందరికీ సిద్ధంగా ఉంటాయి.

జనవరి 24

తాపీమేస్త్రీ వచ్చాడు. మన సున్నంతో పూత పూసి పట్టుమని పది రోజులు కాలేదు, గోడ నిండా పొక్కులు లేచాయని ఒక పెచ్చు పట్టుకొచ్చాడు. మాడిన సున్నం ఇలాగే చేస్తుంది. తడపాల్సినప్పుడు నీళ్ళు తాగదు. గోడ ఎక్కాక తీరిగ్గా తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, పైపూతని పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

"ఆ ఇంటివాళ్ళు నా ఒంట్లో సున్నం లేకుండా కొడతామంటున్నారు మేస్త్రీగారూ," అన్నాడు.

"కొడితే రాలేది మా సున్నమేగా, మాకే తిరిగి పంపించమను."

"నవ్వులాట కాదండీ. మీ చేతి సున్నానికి నేనెప్పుడూ వంక పెట్టలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టవుతుందేమోనని ముందు నా చేతినే అనుమానించుకున్నాను."

"చెయ్యి నాదే. రాయి మాత్రం వేరేవాళ్ళది," అన్నాను.

అతను వెళ్ళాక ఆ సామెత గురించి ఆలోచించాను. తమ తప్పు మద్దెల మీదకి నెట్టేవాళ్ళు లోకంలో ఎంతమందో. ఆ విషయంలో తాపీమేస్త్రీ నయం.

జనవరి 28

జ్వరం. నిప్పు తూటా చూస్తున్నాడు.

జనవరి 29

జ్వరం.

ఫిబ్రవరి 1

లేచాను. నేను మంచాన ఉన్న రోజుల్లో కాలిన సున్నం ఇవాళ దింపారు. అందరూ దాని గురించే చెప్పుకుంటున్నారు. చేతిలోకి తీసుకున్నాను. బెండు. నీళ్ళు చల్లితే పాములా బుసకొట్టి లేచింది. వెతికినా ఒక్క మాడు గడ్డ దొరకలేదు.

చాలాసేపు ఆలోచించాను. నాకు ఒక్కటే సమాధానం తోస్తోంది. నిప్పు తన చేతిలో ఉన్నన్నాళ్ళూ తూటా మంచి పొర రాయి తెప్పించుకున్నాడు. నా వంతు వచ్చేసరికి మట్టిరాయి పంపిస్తున్నాడు. కావాలని చేశాడని అనను. కావాలని కాదనీ అనలేను.

పైగా, "బావా, ఇంకొన్నాళ్ళు పడుకో, ఒళ్ళు కుదుటపడనీ. నిప్పు నేను చూస్తాలే," అంటాడు. ఎంత ప్రేమో!

ఫిబ్రవరి 4

మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఈ మధ్యనే వచ్చింది. ఎవరేం చెప్పినా చివరిదాకా విని, తరవాత కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తుంది. క్వారీ మనిషిని మార్చమన్నాను.

"ఆయన మీ బావమరిది కదండీ?"

"బట్టీకి బంధుత్వాలు ఉండవమ్మా."

ఈ మాట నాకే చాలా నచ్చింది. ఇంటికి వస్తూ దారిలో ఇంకోసారి అనుకున్నాను.

ఆవిడ కిటికీ వైపు చూసి, "తప్పు రాయిదని నేను అనాలంటే, నిప్పుది కాదని ముందు తేలాలి కదండీ," అంది. "కొత్త రకం మీటరు అమ్మేవాళ్ళు సోమవారం వస్తున్నారు. బయటినుంచే చూపిస్తే వేడి ఎంతో చెబుతుందట. మీరు రంగు చెప్పండి, అది అంకె చెబుతుంది. రెండూ కలిస్తే నిప్పు మీద ఇక అనుమానం లేనట్టే."

"తప్పకుండా," అన్నాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ చేతిలో పని ఆపేసి, "సోమవారమా?" అంది. తరవాత చెప్పులేసుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళింది. నేను వాడి మీద చెప్పి వచ్చానని చెప్పడానికే అయి ఉంటుంది. చెప్పనీ.

ఫిబ్రవరి 8

మీటరాయన వచ్చాడు. చేతిలో బొమ్మ తుపాకీలాంటి వస్తువు. మేనేజరమ్మ, తూటా, బొగ్గు నింపేవాళ్ళు అందరూ చుట్టూ చేరారు.

మొదటి కన్నం మూత తీసి వంగి చూశాను. దానిమ్మ గింజ. చెబుదామని తల ఎత్తేలోగా భుజం మీద చెయ్యి పడింది. తూటా. బావ భుజం మీద చనువుగా చెయ్యేసి నిలబడ్డాడని చూసేవాళ్ళు అనుకుని ఉంటారు. వేళ్ళు రెండుసార్లు తట్టాయి.

"నారింజ!" అని అరిచాను. మీటరాయన అంకె చదివాడు. మేనేజరమ్మ ఏ రంగుకి ఎంత వేడో రాసుకున్న కాగితంలో చూసుకుని తల ఊపింది.

రెండో కన్నం. దానిమ్మ. భుజం మీద మూడు తట్లు. "గుమ్మడి పువ్వు. గాలి తగ్గించాలి," అన్నాను. సరిపోయింది. మూడో కన్నం. రెండు తట్లు. "నారింజ." అదీ సరిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. "ఈయన ఉండగా మీకు మీటరు అమ్మడానికి నేనెవణ్ణండీ," అని మీటరాయన నవ్వుతూ పెట్టె సర్దుకున్నాడు. తూటా అప్పటికే క్వారీ వైపు వెళ్ళిపోయాడు.

వాడు తట్టాడని నేను చెప్పలేదు. నాకూ నారింజలాగే అనిపించింది. మొదట దానిమ్మ అనుకున్న మాట నిజమే, కన్ను కుదురుకోడానికి ఎవరికైనా కాస్త సమయం పడుతుంది.

ఫిబ్రవరి 9

తట్టకపోయినా నారింజే అనేవాణ్ణి.

ఫిబ్రవరి 10

నిప్పు మీద అనుమానం పోయింది కాబట్టి మిగిలింది రాయే. తూటాని తీసేశారు. హెల్మెట్ ఆఫీసులో ఇచ్చేసి, తను పేల్చిన కొండ గోడని ఒకసారి చూసి వెళ్ళిపోయాడట. పల్లెత్తు మాట అనలేదట. తూటా మాట అనకుండా వెళ్ళాడంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 11

మధ్యాహ్నం రాలేదు. మా ఆవిడ మూడు కంచాలు పెట్టి, ఒకటి తీసేసింది.

ఫిబ్రవరి 12

రాలేదు. పేపరు చదవడం కూడా మానేసింది మా ఆవిడ. గొంతు వదిలిపోయిందేమో.

ఫిబ్రవరి 15

బజార్లో తూటా నాకు ఎదురుపడ్డాడట. "బావా" అని పలకరించబోయాడట. నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోయానట. ఎవరో చూసి మా ఆవిడకి చెప్పారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనకుండా వంటింట్లో నిలబడి ఏడ్చింది.

నేను చూడలేదు. ఎండ మొహం మీద కొడుతోంది, వచ్చేపోయే మనుషులందరూ నీడల్లా ఉన్నారు. చూడలేదంటే నమ్మే మనిషి ఇప్పుడు నాకెవరూ లేరు.

ఫిబ్రవరి 17

కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. నత్త నయం ఈయన కన్నా. ప్రతి బండనీ కడిగి, మట్టి చార ఉందేమో చూసి, సుద్దముక్కతో గుర్తు పెట్టి గానీ పంపడు. అప్పుడే అందరూ సుద్దాయన అంటున్నారు. మంచిదే. ఇక మట్టిరాయి మాట ఉండదు.

ఫిబ్రవరి 22

మాడు రాయి. మునుపటికన్నా ఎక్కువ.

సుద్దాయన కూడా మట్టిరాయే పంపుతున్నాడని రాశాను. రాసి కొట్టేశాను.

పైకి వెళ్ళి, నింపడానికి తెచ్చిన రాళ్ళలోంచి కొన్ని తీసుకున్నాను. పగలగొట్టాను. నాలుకకి ఆనించి చూశాను. మట్టి ఉన్న రాయి నాలుకకి అంటుకుంటుంది. ఒక్కటీ అంటుకోలేదు. తూటా ఉన్నప్పటి రాయి ఇంకా ఒక మూల కుప్పగా ఉంది. అది కూడా చూశాను. అదీ అంటుకోలేదు. ఈ పని నేను జనవరిలోనే చేసి ఉండొచ్చు. నాలుక అప్పుడూ నా నోట్లోనే ఉంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందట. నేను కళ్ళు తెరిచే తాగాను.

నాకు భయంగా ఉంది.

ఫిబ్రవరి 24

జుట్టు కత్తిరించుకోడానికి అని ఇంట్లో చెప్పి, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మ నా కంట్లోకి లైటు వేసి చూసింది. నేనేమీ చెప్పకుండానే, "గాజు పనా, బట్టీ పనా?" అంది.

కంటి లోపల అద్దంలా ఉండే భాగం టీ డికాక్షన్ రంగుకి తిరిగిపోయిందట. దానిలోంచి చూస్తే ఎంత వెలుగైనా మసగ్గా, ఎర్రగానే ఉంటుందట.

"ఆపరేషన్ చేస్తే పోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు," అంది.

"రంగులు సరిగ్గా తెలుస్తాయా?"

"శుభ్రంగా తెలుస్తాయి. కానీ ఇక నిప్పులోకి చూడకూడదు. కంటి వెనక పొర కూడా కొంత కాలింది. దాన్ని మేం కుట్టలేం, మార్చలేం. ఇంకా చూస్తే ఉన్నది కూడా పోతుంది."

"నల్లద్దాలు పెట్టుకుంటే?"

"పెట్టుకుంటే మీకేమన్నా కనిపిస్తుందా?"

కనిపించదు. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ నా తల వైపు చూసి, "జుట్టు అలాగే ఉందే," అంది. షాపు మూసి ఉందన్నాను.

ఫిబ్రవరి 25

చెప్పేశాను. మా ఆవిడ బట్టలు మడత పెడుతోంది. చేతులు ఆపకుండానే, "తెలుసు," అంది.

"ఎప్పటి నుంచి?"

"నా బూడిదరంగు స్వెటర్ చూసి, ఈ గోధుమరంగు నీకు బాగుందే అన్నారు చూడండి, అప్పటి నుంచి. పెళ్ళయ్యాక నా బట్టల గురించి మీరు మాట్లాడిందే అప్పుడు. సంతోషపడాలో భయపడాలో తెలీలేదు."

"తట్టమని తూటాకి నువ్వే చెప్పావా?"

"పక్కన నిలబడమని చెప్పాను. తట్టడం వాడి తెలివి."

"నేను గెలిస్తే వాడి పని పోతుందని తెలీదా నీకు?"

"నాకు తట్టలేదు. వాడికి తెలుసు." మడత పెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడత పెట్టింది. "క్వారీ పని ఇంకో చోట దొరుకుతుందక్కా, బావకి ఆ కన్నం ఇంకో చోట దొరకదు అన్నాడు."

నాకు సిగ్గేసింది. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. నేను వాడి మీద చెప్పి వచ్చిన సంగతి తెలిసి కూడా వాడు వచ్చి నా వెనక నిలబడ్డాడు.

మేనేజరమ్మకి చెప్పేస్తానన్నాను. ఈ ఇల్లు బట్టీ మేస్త్రీకి కంపెనీ ఇచ్చింది, పనితో పాటు అదీ పోతుందన్నాను.

"పోతే పోనీండి. గోడలకి మొన్న వేసింది మీ సున్నమే. ఎలాగూ రేపో మాపో పొక్కులు లేస్తాయి," అంది.

చాలా రోజులకి ఇద్దరం నవ్వాం.

ఫిబ్రవరి 26

మేనేజరమ్మ నమ్మలేదు.

"మీటరుతో సమానంగా చెప్పారు కదండీ, నేనే చూశాను. బావమరిదిని వెనక్కి తెచ్చుకోడానికి ఇలా అంటున్నారు. ఇంట్లో గొడవైందా?"

అబద్ధం చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు, నిజం చెబితే బంధుప్రీతి అంటున్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం నేనొక్కణ్ణే కాదన్నమాట. ఆవిడని బట్టీ దగ్గరికి రమ్మన్నాను. నా వెనక ఎవరూ నిలబడొద్దని చెప్పాను.

మొదటి కన్నం మూత తీశాను. అక్కడ ఏ రంగు ఉండాలో ఆలోచించలేదు. ఏది కనిపించిందో అదే చెప్పాను. దానిమ్మ. రెండో కన్నం, దానిమ్మ. మూడో కన్నం, దానిమ్మ. ఆవిడ నా పక్కనుంచి తొంగి చూడబోయి చటుక్కున మొహం తిప్పేసుకుంది.

"ఇది ఎరుపా మేస్త్రీగారూ? తెల్లగా, కళ్ళల్లో గుచ్చుతోంది!"

వెన్న. నా ఎదురుగా వెన్న మండుతోంది, నేను దాన్ని దానిమ్మ అంటూ నిలబడ్డాను. గాలి తలుపులు మూయమని కేకలు పెట్టాను. బొగ్గు నింపేవాళ్ళు పరిగెత్తారు.

కాస్త సద్దుమణిగాక ఆవిడ అడిగింది. "మరి ఆ రోజు?"

"మా బావమరిది నా భుజం మీద తట్టి చెప్పాడు."

"నేను తీసేసిన ఆయనా?"

"ఆయనే."

అక్కడ కిటికీ లేదు. ఆవిడ ఎటు చూడాలో తెలియక నేల వైపు చూసింది.

ఫిబ్రవరి 27

తూటా వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"నీకు బుద్ధుందా బావా? ఒకళ్ళం రోడ్డున పడితే సరిపోయేదానికి ఇద్దర్నీ లాగావు కదా!"

"నువ్వు చేసింది మంచి పని కాదు," అన్నాను.

"నేను మంచి పనని చెప్పానా? నువ్వు నా మీద చెప్పుకున్నావు, పోన్లే బావే కదా అనుకున్నాను. బజార్లో చూడకుండా పోయావు, చూపు లేక పోయావని నాకు తెలుసు. కానీ నా రాయిలో మట్టి ఉందన్నావు చూడు..." వాడి గొంతు మారిపోయింది. తూటా గొంతు అలా మారడం నేను ఎప్పుడూ వినలేదు. "ఊళ్ళో అందరూ అదే అంటున్నారు. ఎక్కడికి పని అడగడానికి వెళ్ళినా, మట్టిరాయి పంపిన మనిషివా అంటున్నారు."

"లేదని నీ నోటితో అను."

"లేదు."

"గట్టిగా అను."

"నీ రాయిలో మట్టి లేదురా. ఒక్క చార కూడా లేదు. నేను నాలుకతో చూశాను."

వాడు గుమ్మంలో చెప్పులు విప్పి, "అక్కా, తినడానికి ఏమన్నా ఉందా?" అన్నాడు.

మార్చి 2

నన్నూ తూటానీ ఆఫీసుకి పిలిచారు. మేనేజరమ్మ తూటాకి క్షమాపణ చెప్పింది, అదీ సుద్దాయన ముందే. క్వారీ పని మళ్ళీ వాడిదే. సుద్దాయన వాడికి రెండోవాడిగా ఉంటాడు. రాయి చెడ్డది కాదని బయట అందరికీ తనే చెబుతానంది. తాపీమేస్త్రీ గోడ కంపెనీయే బాగుచేయిస్తుంది.

తరవాత, "కొత్త మీటరు వచ్చేదాకా నిప్పు కూడా మీరే చూడాలి. మీ బావగారు నేర్పారు కదా," అంది.

"చూడను," అన్నాడు తూటా.

"కొన్నాళ్ళేనండీ."

"ఆయన కళ్ళు అలా అయ్యాక కూడా నన్ను ఆ కన్నంలో తల పెట్టమంటారా మేడమ్?"

నా ముందే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా జీవితమంతా చేసిన పనిని వాడు అంటురోగంలా మాట్లాడాడు. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క విద్యని ఉచితంగా ఇస్తానన్నా వద్దన్నాడు. వాడి మాట తప్పు అని చెప్పడానికి కారణం వెతికాను. ఇంటికి వచ్చి కూడా వెతికాను. దొరకలేదు. వాడు క్వారీకి మారకుండా నా దగ్గరే ఉండి ఉంటే, ఇప్పుడు వాడి కళ్ళు కూడా సగం అయిపోయి ఉండేవి. పక్కన నిలబడి భుజం తట్టి చూడు, చూడు అన్నది నేనే.

మేనేజరమ్మ కాసేపు కిటికీలోంచి చూసి, అయితే మీటరు వచ్చేదాకా బట్టీ ఆర్పేయమంది.

మార్చి 3

నింపు ఆపించాను. నేను చేరేనాటికే ఆ నిప్పు మండుతోంది. దాన్ని ఎలా ఆర్పాలో పెద్దమేస్త్రీ నాకు నేర్పలేదు. ఆయనకి కూడా అవసరం పడలేదు. పైన కొత్త బొగ్గు పడకుండా, కింద దింపుతూ పోతే అదే కిందికి దిగి చస్తుందని నా అంచనా.

మార్చి 5

దిగుతోంది. బట్టీ గోడ మీద చెయ్యి పెడితే పై భాగం గోరువెచ్చగా ఉంది. చేత్తో చూస్తున్నాను, కంటితో చూడటం లేదు.

మార్చి 6

మా ఆవిడ సామాను సర్దుతోంది. మీటరు వచ్చేదాకా ఇంట్లోనే ఉండమన్నారు గానీ, ఆవిడకి అలా వేలాడుతూ ఉండటం ఇష్టం లేదు. తూటా ఇంట్లో రెండు గదులున్నాయి. "నాకూ వంట బాధ తప్పుతుంది బావా," అన్నాడు. వాడికి వంట బాధ ఎప్పుడు ఉందో నాకు గుర్తు లేదు.

ఆపరేషన్ శుక్రవారం.

మార్చి 9

బట్టీ ఆరింది. బ్లోయర్ ఆపేశారు. ఆ మోత ఆగేదాకా ఆవరణ ఇంత పెద్దదని తెలియలేదు. బొగ్గు నింపేవాళ్ళు అలవాటు కొద్దీ ఇంకా అరుచుకుంటూనే మాట్లాడుకుంటున్నారు.

సాయంత్రం తూటా క్వారీ నుంచి ఇటు వచ్చాడు. నేను మొదటి కన్నం దగ్గరికి వెళ్ళి మూత తీశాను. చేతికి వేడి తగల్లేదు. వంగి చూశాను. ఇప్పుడు ప్రమాదం లేదు కాబట్టి వాడు కూడా వచ్చి నా పక్కన వంగాడు.

నాకు నల్లగా కనిపించింది. నీకేం కనిపిస్తోందని అడిగాను.

నలుపే బావా, అన్నాడు.